జాకీ లేపి చూడందే కదలని మనిషి

మా బాబాయిగారు పోయారు. ఉదయం కాఫీ తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలారట. అంతే. పిన్నిగారు నాకు ఫోన్ చేసి ఏడవలేదు. "అమ్మాయ్, మీ బాబాయి లేరు. పెట్టె తీసుకురా" అన్నారు. ఫోన్ చేతిలో పట్టుకుని కుట్టుమిషన్ ముందే కాసేపు కూర్చుండిపోయాను. మా దివిసీమలో ఎవరింట్లో మనిషి పోయినా ఆ పెట్టె కోసం ఆయనకే ఫోన్ చేసేవారు. ఆయనే పోతే ఎవరికి చెయ్యాలో పిన్నిగారికి తెలుసు.

బాబాయిగారు నాకు చుట్టం కాదు. అవనిగడ్డ పక్కన మా ఊళ్ళో, మా వీధి చివరి ఇల్లు వాళ్ళది. ఆయనకో తెల్ల టాక్సీ కారు ఉండేది. ఆ కారు వెనక తగిలించే రెండు చక్రాల ట్రైలర్ ఒకటి. దాని మీద చనిపోయినవాళ్ళని పడుకోబెట్టే ఫ్రీజర్ పెట్టె. దూరాన ఉన్న పిల్లలు వచ్చేదాకా మనిషిని ఉంచాలంటే మా వైపు అదే దిక్కు. "ఏ ఆటోలోనో వేసుకుపోక కారుకి ఈ తోక దేనికండీ" అని అడగనివాళ్ళు లేరు. ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "నా కారులో కాన్పుకి వెళ్ళే ఆడపిల్లలు ఎక్కుతారండీ. పెట్టె కారెక్కకూడదు. కారు ఉన్నవాళ్ళకి, ట్రైలరు వెళ్ళేవాళ్ళకి."

అందుకని వారంలో రెండు మూడుసార్లు ట్రైలర్ తగిలించడం, పని కాగానే విప్పడం. దాని కాగితాలు, నంబరు ప్లేటు, వెనక లైట్లు అన్నీ సక్రమంగా ఉండేవి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపితే ఆయన సంతోషించేవారు, చూపించడానికి ఒక మనిషి దొరికాడని. ట్రైలర్‌ని ఆయన కట్టినంత శ్రద్ధగా ఈ జిల్లాలో ఇంకెవరూ కట్టలేరని నేనంటాను. కాదనేవాళ్ళుంటే మా ఊరొచ్చి నాతో చెప్పొచ్చు.

ఆయన పని నేను మొదటిసారి చూసింది మా ఆయన పోయినప్పుడు. అప్పటికి నాకు ముప్ఫై ఒకటి. దహనం అయిపోయాక పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చారు. నన్ను కిటికీ పక్కన చాప మీద కూర్చోబెట్టారు. కిటికీలోంచి కారు వెనక్కి రావడం కనిపించింది. ఆయన దిగి, గొంతుకూర్చుని చూసి, మళ్ళీ ఎక్కి జానెడు వెనక్కి తెచ్చారు. మళ్ళీ దిగారు. వాకిట్లో మా చుట్టాలు "ఎంతసేపండీ బాబూ" అని విసుక్కుంటున్నారు. ఆయనకి వినపడినట్టే లేదు. నా బతుకంతా ఆ రోజు ఊడిపోయి ఉంది. ఒక మనిషి మాత్రం నా ఎదురుగా కూర్చుని, ఏదీ ఊడకుండా ఉండాలని ఒక్కొక్కటే తడిమి చూసుకుంటున్నాడు. ఆ పది నిమిషాలు నేను ఏడవడం మర్చిపోయాను.

రెండేళ్ళ తర్వాత వెళ్ళి, కారు నేర్పమని అడిగాను. "ఉత్త కారేనా, తోకతోనా" అన్నారు. తోకతోనే అన్నాను. ఆయన నవ్వలేదు, ఎందుకని అడగలేదు. "అయితే ముందు తోక నేర్చుకో. నడపడం తర్వాత" అన్నారు.

ఊరు ఊరుకుంటుందా. భర్త పోయినదాన్ని, పైగా చావుబండి. "ఈ రెండూ కలిసి పొద్దున్నే ఎదురొస్తే మా గతేం కానండీ" అని ఒక పెద్దాయన బాబాయిగారి ముఖం మీదే అన్నాడు. ఈయన తాపీగా వక్కపొడి నోట్లో వేసుకుని, "దానంతట అది ఎందుకొస్తుందండీ. మీరు పిలిస్తేనే గదా వచ్చేది" అన్నారు. ఆ పెద్దాయన ఇంటికి తర్వాత నేనే వెళ్ళాను. పిలిచారు మరి.

ఆయన నేర్పిన పని చెప్తాను. చాదస్తం అనుకునేవాళ్ళు అనుకోండి. కారు వెనక బంపరు కింద ఒక ఉక్కు గుండు ఉంటుంది. ట్రైలర్ ముందు కొసకి బోర్లించిన గిన్నె లాంటిది ఉంటుంది. గుండుకి గ్రీజు పూసి, గిన్నెని దాని మీద సరిగ్గా దించి, లాకు వేసి, లాకు లేవకుండా పిన్ను దూర్చాలి. అందరూ అక్కడితో అయిపోయిందనుకుంటారు. బాబాయిగారికి అసలు పని అక్కడే మొదలయ్యేది. ట్రైలర్ ముందున్న జాకీని తిప్పి, కొసని పైకి లేపేవారు. గిన్నె గుండుని నిజంగా పట్టుకుంటే కారు వెనక భాగం కూడా దాంతోపాటు లేస్తుంది. పట్టకపోతే గిన్నె ఊడి వస్తుంది. "లాకు పడిందని కన్ను చెప్తుంది. పట్టిందని జాకీ చెప్తుంది. కంటి మాట నమ్మొద్దు" అనేవారు.

ఆ తర్వాత రెండు గొలుసులు, కింద ఒకదాని మీదుగా ఒకటి దాటించి కారుకి తగిలించాలి. ఆ తర్వాత లైట్ల వైరు. నన్ను వెనక నిలబెట్టి, బ్రేకు, ఇండికేటర్లు వేసి చూపించేవారు. పెట్టెలో మోటారున్న బరువువైపు ఎప్పుడూ కారు దిక్కుకే ఉండాలి, వెనక్కి ఉంటే రోడ్డు మీద తోక ఊగుతుంది. జాకీ పూర్తిగా పైకి ఎత్తి కట్టెయ్యాలి. అన్నీ అయ్యాకే ట్రైలర్ చక్రాల కింద పెట్టిన అడ్డుచెక్కలు తియ్యాలి. "కట్టేటప్పుడు చెక్కలు చివర, విప్పేటప్పుడు చెక్కలు ముందు" అని నాతో వందసార్లు చెప్పించారు. రెండూ తాటిమొద్దులోంచి ఆయనే కోసుకున్నవి. తీసిన చెక్కలు డిక్కీలో పడెయ్యనిచ్చేవారు కాదు. నేను నడిపేటప్పుడు పక్క సీట్లో కూర్చుని వాటిని ఒళ్ళో పెట్టుకునేవారు. ఒళ్ళో ఉన్నాయంటే చక్రాల కింద లేవని లెక్క. ఆ మట్టి మరకల పంచె చూసి పిన్నిగారు రోజూ తిట్టేవారు, ఈయన రోజూ వినేవారు.

ఇంకో అలవాటు. కట్టేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడారో, అంతవరకు చేసిందంతా విప్పేసి మళ్ళీ మొదట్నుంచి. ఒకసారి ఒక పెద్దమనిషి మర్యాదకి మూడుసార్లు పలకరిస్తే మూడుసార్లూ విప్పి కట్టారు. నాలుగోసారి ఆయన దూరంగా వెళ్ళి వేపచెట్టు కింద నిలబడ్డాడు.

నేను చేసిన తప్పు కూడా రాయాలి. అది రాయకపోతే బాబాయిగారి గురించి రాసినట్టు కాదు. బందరు ఆస్పత్రిలో ఒక ముసలమ్మగారు పోతే, నాగాయలంక అవతల వాళ్ళ ఊరికి పెట్టెలో తీసుకెళ్ళాలి. కట్టడం నా చేతికి వదిలి బాబాయిగారు కాగితాల పని మీద లోపలికి వెళ్ళారు. వాళ్ళ వాళ్ళు భక్తిగా పెట్టెకి, చక్రాలకి, ముందు కొసకి, అంతటా బంతిపూల దండలు కట్టారు. మావైపు కొత్త బండికైనా, చివరి బండికైనా దండ పడాల్సిందే. నేను గిన్నె దించి లాకు వేశాను. చుట్టూ ఏడుపులు, తొందర. జాకీ లేపి చూడలేదు. బాబాయిగారు వచ్చి "చూశావా" అంటే, చూశానని చెప్పాను. ఆయనతో నేనాడిన అబద్ధం అదొక్కటే.

చల్లపల్లి దాటాక కాలవ వంతెన దిగేచోట ఒక గతుకుంది. కారు దాటింది. వెనక ధన్‌మని చప్పుడు, కారుని ఎవరో పట్టి గుంజినట్టయింది. గిన్నె గుండు మీదనుంచి ఊడిపోయింది. నా కాలు బ్రేకు మీదికి వెళ్ళిపోతోంది. పక్కనుంచి ఆయన గొంతు, ఏమీ జరగనట్టే వినపడింది. "బ్రేకు తొక్కమాకు. వెనక బరువొచ్చి మన మీద పడుద్ది. ఎక్సలేటరు మీదనుంచి కాలు తియ్యి చాలు." తీశాను. కారు తనంతట తాను నెమ్మదించి గట్టున ఆగింది. దిగి చూస్తే ట్రైలర్ కొస నేలకి తగలకుండా, అడ్డంగా దాటించిన ఆ రెండు గొలుసుల మీద ఊయలలో ఉన్నట్టు ఉంది. పెట్టె కదల్లేదు. గిన్నె లోపల లాకుకి అడ్డంగా దండ తాలూకు నైలాన్ దారం, నలిగిన పూలు.

ముసలమ్మగారి కొడుకు వెనక కారులోంచి దిగి నా మీదికి వచ్చాడు. "మా అమ్మని రోడ్డు మీద పడేద్దామనుకున్నావా" అన్నాడు. అతని కోపం న్యాయమే. బాబాయిగారు నాకూ అతనికీ మధ్య నిలబడ్డారు. "తప్పు మాదేనండీ. ఇప్పుడు సరిగ్గా కడతాం" అన్నారు.

"అయితే మీరు కట్టండి. ఆవిడ ముట్టుకోవడానికి వీల్లేదు."

"ఆవిడే కడుతుందండీ. ఇవాళ ఆవిడంత జాగ్రత్తగా కట్టేవాళ్ళు ఇంకెవరూ ఉండరు."

చెక్కలు నా చేతికిచ్చారు. పిన్ను నా చేతిలోంచి రెండుసార్లు జారి కింద పడింది. ఆయన సాయం చెయ్యలేదు, చూస్తూ నిలబడ్డారు. జాకీ తిప్పాను. కారు వెనక లేచింది. అప్పుడు ఏడుపొచ్చింది. ఆ రోజు తిరిగొచ్చి ఇంటి దగ్గర దిగేటప్పుడు బాబాయిగారు, "మనిషి తప్పు చేస్తాడని తెలిసినవాడు ఆ గొలుసు పెట్టాడమ్మా. చేశానని చెప్పడానికి సిగ్గుపడకు, గొలుసు వెయ్యకపోతే సిగ్గుపడు" అన్నారు. అబద్ధం సంగతి ఎత్తనే లేదు. ఎత్తి తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయి ఉండేదాన్ని.

ఇక ఆయన పోయిన రోజు. ఊళ్ళో పెట్టనివ్వరు కాబట్టి ట్రైలర్ ఊరి బయట కాలవ గట్టు మీద రేకుల షెడ్డులో ఉంటుంది. కారు అక్కడికి తీసుకెళ్ళి గిన్నె దించుతున్నాను. బాబాయిగారి అన్నకొడుకు బైకు మీద వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఊళ్ళో మాట చెల్లేవాడు. చేతిలో బంతిపూల దండ.

"నువ్వు ఆగమ్మా. బందరు నుంచి వేరే బండి చెప్పాను. బాబాయి ఉన్నన్నాళ్ళు ఏదో సాగింది. ఇవాళైనా పద్ధతిగా జరగనీ."

"బందరు బండి వచ్చేసరికి మధ్యాహ్నమవుద్ది అన్నయ్యగారూ. ఎండ చూశారుగా. బాబాయిగారు ఎవర్నీ అంతసేపు ఎండకి ఉంచలేదు."

"అసలు నిన్ను తెమ్మన్నదెవరు?"

"పిన్నిగారు."

ఆయన వాచీ చూసుకుని, "సరే, త్వరగా కానీ. రాహుకాలం వచ్చేస్తోంది" అన్నాడు.

అప్పటికి లాకు వేసి, పిన్ను దూర్చి ఉన్నాను. పిన్ను బయటికి లాగాను. లాకు తీశాను. గిన్నెని గుండు మీదనుంచి పైకి లేపేశాను.

"ఏంటమ్మా, కట్టింది విప్పుతున్నావ్?"

"మీరు మాట్లాడారు. మళ్ళీ మొదట్నుంచి కట్టాలి."

"ఇవాళ కూడానా?"

"ఇవాళ అసలు తప్పదు. రాహుకాలం దాని దారిన అది వచ్చి పోతుంది. జాకీ లేపి చూడకుండా నేను కదలను."

ఆయన మళ్ళీ నోరు తెరవలేదు. నేను గుండు తుడిచి గ్రీజు పూశాను. లాకు, పిన్ను, జాకీ. కారు లేచింది. గొలుసులు దాటించాను. లైట్లు చూడ్డానికి వెనక మనిషి కావాలి. ఆయనే వెళ్ళి నిలబడి, వెలిగినప్పుడల్లా తలూపాడు. చివర్లో ఆయన దండ పట్టుకుని కొస దగ్గరికి వంగబోతే ఆ దండ తీసుకుని పెట్టె మీద వేశాను.

ఇంటి ముందు ఆపి, చక్రాల కింద చెక్కలు పెట్టాను. పిన్నిగారు గుమ్మంలోకి వచ్చారు. పెట్టెకేసి చూడలేదు. వంగి ట్రైలర్ కిందికి చూశారు. "గొలుసులు అడ్డంగా దాటించావా అమ్మాయ్" అన్నారు. దాటించానన్నాను. "అయితే సరే" అని, అప్పుడు గుమ్మంలో కూలబడి ఏడ్చారు.

పెద్దకర్మ అయిన మర్నాడు ఇంట్లో ట్రైలర్ మాట వచ్చింది. ఇనప సామాను వాడికి ఇచ్చేసి పీడ వదిలించుకుందామన్నారు కొందరు. పిన్నిగారు వంటింట్లోంచే జవాబు చెప్పారు. "మీ బాబాయి కుర్చీ కావాలంటే పట్టుకుపోండి. కారూ ట్రైలరూ అమ్మాయివి." అన్నకొడుకు ఆ మాటకి అడ్డు చెప్పలేదు. ఊళ్ళో కొందరు మాత్రం ఇప్పటికీ నేను వెళ్తుంటే తలుపులు వేసుకుంటున్నారు. వేసుకోండి. నా ఫోన్ నంబరు మాత్రం తలుపు లోపలివైపు రాసి పెట్టుకోండి.

మొన్న పొద్దున బందరు నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. "ఆయన లేరటగా అండీ. ఇంకెవరైనా వస్తారా" అంది. నేనొస్తానన్నాను. కట్టాను. ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడే మనిషీ లేడు. చివరగా అడ్డుచెక్కలు తీసి, మట్టితోనే వాటిని పక్క సీట్లో, ఆయన కూర్చునేచోట పెట్టాను.

చల్లపల్లి ఇవతల ఆ వంతెన దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళంతా చెవులయ్యాయి. గతుకు దగ్గర కారు ఎగిరింది. చెక్కలు సీటు మీదనుంచి జారబోయాయి. ఎడమచెయ్యి చాచి వాటిని పట్టుకుని, వంతెన దాటేదాకా అలాగే ఉంచాను. వెనకనుంచి ఏ చప్పుడూ రాలేదు.