ఎర్ర పట్టీ విప్పి, పచ్చ పట్టీ కుట్టి

2025 మొదటి నెలలు. షార్జాలో, రోలా సందుల్లో మా జెండాల దుకాణం. చలికాలం పొద్దున పొగమంచు దిగితే ఎదురుగా నిలబడ్డ బస్సు కూడా కనపడదు, హారన్ మాత్రం వినిపిస్తుంది. అలాంటి పూట నాకు మిషన్ తొక్కుతున్నట్టు ఉండదు, నిద్రలో కుడుతున్నట్టు ఉంటుంది. జగిత్యాల దగ్గర జాకెట్లు కుట్టుకునేవాణ్ణి దేశదేశాల జెండాలు కుట్టే పనిలో పడి చాలా ఏళ్లయింది. ఇక్కడి నేషనల్ డే ఎప్పుడో అయిపోయినా నేల మీద ఇంకా ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, నలుపు ముక్కలే. చాలా అరబ్బు దేశాల జెండాలకు ఈ నాలుగు రంగులే. వరస మారిందా, దేశం మారినట్టే.

అప్పుడే సిరియా జెండా మారింది. ఏళ్లకేళ్లు యుద్ధం నడిచి పాత ప్రభుత్వం కూలిపోయింది. పైన ఎరుపు, నడుమ తెలుపు మీద రెండు పచ్చ నక్షత్రాలు, కింద నలుపు ఉన్న జెండా పోయి, పైన పచ్చ, తెలుపు మీద మూడు ఎర్ర నక్షత్రాలు, కింద అదే నలుపు ఉన్నది వచ్చింది. ఆర్డర్ల మీద ఆర్డర్లు. మా ముదీర్‌కు, అదే మేనేజర్‌కు, "యల్లా, యల్లా" అని తొందరపెట్టడం తప్ప వేరే మాట లేదు. అన్నీ ప్రింటింగే. నక్షత్రాన్ని విడిగా కత్తిరించి, జెండాకు రెండు వైపులా అతికి కుట్టే అప్లిక్ పని అడిగేవాళ్లు ఎక్కడోగాని లేరు.

ఒక పొద్దున మంచులోంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకామె సత్యవతి, కోనసీమ మనిషి, ఇక్కడ ఓ సిరియా వాళ్ల ఇంట్లో పని చేస్తుంది. రెండో ఆమె ఆ ఇంటి పెద్దావిడ, ఉమ్ యూసుఫ్. అంటే యూసుఫ్ తల్లి. వాళ్లలో తల్లిని పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తారు. ఆవిడ చేతిలో మడత పెట్టిన పాత జెండా ఉంది, అప్లిక్ పనిదే.

"అన్నయ్యగారూ, దీన్ని కొత్త జెండాలాగ మార్చాలండి" అంది సత్యవతి.

"పాతది మార్చుడెందుకు చెల్లె? కొత్తయి తయారుగ ఉన్నయ్, తీస్కపోండ్రి."

సత్యవతి గొంతు తగ్గించింది. "ఇది పెద్దబ్బాయి శవం పెట్టె మీద కప్పిందండి. మిలట్రీలో ఉండగా పోయాడంట. ఇప్పుడు మామా, అదేనండి మా అమ్మగారు, సిరియాలో వాళ్ల ఊరెళ్తన్నారు. ఈ జెండా సంచిలో కనపడితే అక్కడ ఊరుకోరని కూతురు పారేయమంటంది. ఈవిడేమో పారేయలేకపోతన్నారండి."

దుబాయ్ నుంచి మా ఊళ్లకు పోయే శవపెట్టెలు ఎరిగినవాణ్ణి. జెండా అందుకుని టేబుల్ మీద పరిచాను.

కత్తెర కళ్లకద్దుకుని పట్టీ విప్పడం మొదలుపెట్టాను. మా ఇళ్లలో అలవాటు అది. ఉమ్ యూసుఫ్ ఎదురుగా కూర్చుని తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు చెప్పుకుపోతోంది, సత్యవతి నాకు తెలుగులో అందిస్తోంది. ఆవిడ పుట్టినప్పుడు జెండా పచ్చదేనట. ఊహ తెలిసేసరికి ఎరుపు, రెండు నక్షత్రాలు. కొన్నాళ్లకు మళ్లీ పచ్చ. ఆ వెంటనే ఎరుపు, ఈసారి మూడు నక్షత్రాలు. పెళ్లినాటికి నక్షత్రాలు పోయి నడుమ డేగ వాలింది. పిల్లలు పుట్టేనాటికి డేగ ఎగిరిపోయి మళ్లీ రెండు నక్షత్రాలు. వింటుంటే ఒకే ఆకాశంలో రంగులు మారుతున్నట్టు అనిపించింది.

"తెలుపూ నలుపూ మాత్రం ఎప్పుడూ ఉన్నాయంటన్నారండి" అంది సత్యవతి.

ఎర్ర పట్టీ ఊడి చేతికొచ్చింది. పక్కన పడేయబోతే ఉమ్ యూసుఫ్ నా చెయ్యి పట్టుకుంది.

"కొత్త నక్షత్రాలు మూడూ అందులోంచే కొయ్యమంటన్నారండి. రెండో అబ్బాయి హసన్ ఆ పచ్చ జెండా పట్టుకునే పాత ప్రభుత్వానికి ఎదురు ఊరేగింపుల్లో తిరిగాడంట. పట్టుకుపోయారు. ఇంతవరకూ కబురు లేదు. జైళ్లు తెరిచినా రాలేదండి."

అన్న ఒక జెండా కింద, తమ్ముడు ఇంకో జెండా కింద. అన్న ఎర్ర గుడ్డలోంచి తమ్ముడి జెండాకు నక్షత్రాలు కోశాను. పచ్చ పట్టీ నేషనల్ డేకి మిగిలిన థానులోంచి తీశాను.

చిక్కల్లా తెల్ల పట్టీతో వచ్చింది. పాత పచ్చ నక్షత్రాలు విప్పేసరికి వాటి కింద గుడ్డ కొత్తగా ఉంది, చుట్టూ పసుపు తిరిగింది. కొత్త నక్షత్రాలు మూడూ వేరే చోట్ల పడతాయి కాబట్టి ఆ గుర్తులను కప్పవు. నక్షత్రం చోటు మారితే పట్టీయే మార్చాలి, అది మా పనిలో కట్టుబాటు. ముందే కొత్త తెలుపు కోసి పెట్టుకున్నాను.

"మరక కనబడతది. తెలుపు మారుస్తనని చెప్పు చెల్లె."

సత్యవతి చెప్పింది. ఉమ్ యూసుఫ్ ఆ పట్టీని తీసుకుని వాకిట్లోకి వెళ్లి మంచు వెలుతురుకు ఎత్తి పట్టింది. రెండు తెల్లటి నక్షత్రాలు లోపలినుంచి వెలిగాయి. ఒకదాని మీద వేలు పెట్టి "యూసుఫ్" అంది. రెండోదాని మీద పెట్టి "హసన్" అంది. తర్వాత నా వైపు తిరిగి "ఖలాస్" అంది. ఇక చాలు, దీన్ని ముట్టుకోవద్దని. ఆ ఒక్క మాట సత్యవతి తెలుగులో చెప్పనక్కర్లేకపోయింది.

పాత తెలుపు పట్టీ ఉంచే కుట్టాను. టేబుల్ మీద పరిస్తే మూడు ఎర్ర నక్షత్రాల జెండా, అంతే; వెలుతురుకు ఎత్తి పడితేనే ఆ రెండు తెల్ల నక్షత్రాలు తెలుస్తాయి. ఏ అధికారి చూసినా తప్పు పట్టలేడు. ఉమ్ యూసుఫ్ దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది, జోర్డాన్ మీదుగా ఊరికి చేర్చుకుందని తర్వాత సత్యవతి చెప్పింది.

పాత కుట్టు జాడ తెలియకుండా చేయడమే పనితనమని నాకు నేర్పారు. నేనూ చాలామందికి అదే నేర్పాను. ఇప్పుడు పాత గుడ్డ ఏది వచ్చినా, కత్తెర తీసే ముందు ఒక మాట అడుగుతున్నాను: "ఇందుల ఏది ఉంచాలె?"