ముడుపు రూపాయల తూకం

1998 ఆగస్టులో మా అమ్మ దగ్గరున్న పదకొండు వెండి రూపాయల వెల కనుక్కునే పని నా మీద పడింది. ఆ పని అప్పగించింది మా చెల్లెలు. అప్పటికి తనకు ఇరవై ఎనిమిదేళ్లు. నేను మదనపల్లెలో ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ని. అమ్మ, చెల్లెలు పుంగనూరులో ఉండేవారు. నాన్న పోయి అప్పటికి ఆరేళ్లు.

ఆ రూపాయలు మా ఇంట్లో ఉండేవే గాని మావి కావు. అవి ముడుపు. చెల్లెలికి రెండో ఏట జ్వరం వచ్చింది. జ్వరం తగ్గేసరికి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. పోలియో అని చిత్తూరులో డాక్టరు చెప్పాడు. అమ్మ ఇంటికి రాగానే తన పెళ్లికి అమ్మమ్మ ఇచ్చిన వెండి రూపాయలను పసుపు గుడ్డలో మూటగట్టి దేవుడి పటం వెనక పెట్టింది. బిడ్డ లేచి నడిస్తే, దాని కాళ్లతోనే కొండ మెట్లు ఎక్కించి, దాని చేతనే స్వామి హుండీలో వేయిస్తానని మొక్కుకుంది.

మొక్కు తీరేదాకా ముడుపు విప్పకూడదనేది చాలా ఇళ్లలో ఆచారం. మా అమ్మ పుట్టింటి ఆచారం వేరు. ఏటా పెరటాసిలో, అంటే సెప్టెంబరు, అక్టోబరుల నడుమ వచ్చే స్వామి నెలలో, మూడో శనివారం ఆమె మూట విప్పి, రూపాయలను చింతపండుతోనూ మెత్తటి ఇటుకపొడితోనూ తోమి, కడిగి, కొత్త గుడ్డను పసుపునీళ్లలో ముంచి ఆరబెట్టి, మళ్లీ కట్టేది. మాసిన కాసు ఇస్తానంటే స్వామి ఏమనుకుంటాడోనని ఆమె బెంగ. మూట పటం వెనక పెట్టాక, చెల్లెలి కాళ్లు ఒళ్లోకి తీసుకుని, వేళ్ల చివరిదాకా నువ్వులనూనె పట్టించేది. తోమడం, నూనె పట్టించడం రెండూ ఒకే పని అని చిన్నప్పుడే నాకు అర్థమైంది.

ఆ ఏడు వికలాంగులకు ఎస్టీడీ బూతులు ఇస్తున్నారని తెలిసింది. పుంగనూరు బస్టాండు ఎదురుగా ఒక చిన్న గది బాడుగకు దొరికింది. డిపాజిట్టు, మీటరు, అద్దాల తలుపు అన్నీ కలిపి పద్నాలుగు వేలు అవుతుందని నేను లెక్క వేశాను. చెల్లెలు జాకెట్లు కుట్టి దాచుకున్నది పదివేలు. మిగతా నాలుగు వేలు ఎక్కడని నేను అడిగితే, తను దేవుడి పటం వైపు చూపించింది.

అమ్మ ఒప్పుకోలేదు. ఆ మాటలు జరిగినప్పుడు నేను వంటింటి గడప మీద కూర్చుని ఉన్నాను.

"నేను నడవనని ఆయప్పకు ఎప్పుడో తెలిసిపోయింటాది మా," అంది చెల్లెలు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ. "నీకొక్కదానికే ఇంకా సెప్పినట్ల లేదు."

"తెలీక కాదు," అంది అమ్మ. ఆ తర్వాత కాసేపు పొయ్యిలో కట్టెలు సర్దింది. "అమ్మేస్తే ఇంక ఏ మొగం పెట్టుకోని అడిగేదే?"

"ఇరవయ్యారేండ్లు అడిగితివి. ఆయనకూ ఇసుగొచ్చింటాది. కొన్నాళ్లు నన్ను ఫోన్లన్నా సేసుకోనీ."

వెల కనుక్కోవడం వేరు, అమ్మడం వేరు అని నేను సర్దిచెప్పాను. వెల తెలిశాక అమ్మాలా వద్దా అనేది అమ్మే చెప్పాలని ముగ్గురం ఒప్పుకున్నాం. నేను బయలుదేరే ముందు, పెరటాసి ఇంకా రాకపోయినా, ఆమె మూట విప్పి రూపాయలను మరొకసారి తోమింది. నలుగురూ చూసేవి గదా అంది.

మదనపల్లెలో వెండి అంగడికి ముందు వెళ్లాను. అంగడాయన పదకొండింటినీ త్రాసులో పోశాడు. 123.9 గ్రాములు. తెల్లదొరల కాలపు రూపాయి సరిగ్గా ఒక తులం, అంటే పదకొండు గ్రాముల అరవై ఆరు. ఆ లెక్కన 128.3 ఉండాలి. నాలుగు గ్రాములకు పైన తక్కువ వచ్చిందేమని అడిగాను. అరిగినవి అన్నాడు. గ్రాముకు ఏడు రూపాయల చొప్పున ఎనిమిది వందల అరవై ఏడు ఇస్తానన్నాడు. నా మొహం చూసి కాబోలు, తమకు తూకమే గాని అచ్చుతో పని లేదనీ, అచ్చు చూసి కొనేవాళ్లు వేరే ఉంటారనీ, కుప్పంలో రైల్వే నుంచి రిటైరైన ఒక పెద్దాయన పాతనాణేల వెల సరిగ్గా కడతాడనీ చెప్పాడు.

ఆ ఆదివారం పలమనేరులో బస్సు మారి, బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం చేరాను. పెద్దాయన ఇల్లు స్టేషన్ వెనక వీధిలో. ఆయన బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, రూపాయలను అంచుల దగ్గర మాత్రమే పట్టుకుంటూ ఏళ్ల వరసన పేర్చాడు. పది రూపాయలు మామూలు ఏళ్లవని, లక్షల మీద అచ్చయినవని, వాటికి వెండి వెల తప్ప రాదని చెప్పాడు. పదకొండోదాన్ని మాత్రం కింద పెట్టలేదు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి, భూతద్దంలో రెండు వైపులా చూసి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

1911లో అచ్చయిన రూపాయి గురించి ఆయన అప్పుడు చెప్పాడు. కిరీటం పెట్టుకున్న రాజు వేసుకున్న హారంలో చిన్న ఏనుగు బొమ్మ ఉంటుందట. ఆ మొదటి ఏటి అచ్చులో తొండం పొట్టిగా పడి, ఏనుగు కాస్తా పందిలా కనబడిందట. జనం తప్పుపట్టడంతో, ఆ అచ్చు ఆపి, మరుసటి ఏడు బొమ్మ మార్చారట. అందుకే ఆ ఏటి రూపాయి అరుదు. బాగున్నది దొరికితే మూడు నాలుగు వేలు పెట్టి కొనేవాళ్లు బెంగళూరులో ఉన్నారన్నాడు.

మూడు నాలుగు వేలు అనగానే నాకు బస్టాండు ఎదురుగా ఉన్న గది కనబడింది. భూతద్దం నా చేతికి ఇచ్చి, నన్నే చూడమన్నాడు. ఏడాది అంకెల్లో మొదటి మూడూ లీలగా ఉన్నాయి. చివరిది ఒక చిన్న ఉబ్బు మాత్రమే. అది ఒకటో, రెండో, ఏడో చెప్పలేం. రాజు రొమ్ము మీద హారం ఉండాల్సిన చోట సబ్బుబిళ్లలాగా నున్నగా ఉంది. అక్కడ ఏనుగూ లేదు, పందీ లేదు.

"ఎవురప్పా దీన్ని ఇట్ల తోమింది? సంగటి తపేలా అనుకుండారా?" అన్నాడు ఆయన. కాసు మీద నలుపు మురికి కాదనీ, అది దాని వయసు అనీ, దాన్ని తీసేస్తే కొనేవాడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడనీ కొంచెం విసుగ్గానే చెప్పాడు.

అవి ముడుపు రూపాయలని నేను చెప్పాను. ఎవరి కోసమో, ఎన్నేళ్లుగానో కూడా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు.

"ఇది ఆ ఏటిదే అని నా మనసు అంటాండాది," అన్నాడు. "కానీ కొనేవాడికి నా మనసుతో పనేముందప్పా? వాడు సూసేదానికి ఏమన్నా మిగిలుండాల గదా."

రూపాయలను పసుపు గుడ్డలో ఆయనే కట్టాడు. మూటను కళ్లకద్దుకుని నా చేతిలో పెట్టాడు. టీ తాగిపొమ్మన్నాడు గాని నేను ఉండలేదు.

ఆ సాయంత్రం పుంగనూరులో ఇద్దరి ముందూ జరిగింది జరిగినట్టు చెప్పాను. తూకం, వెండి ధర, మొత్తం చెప్పేసరికి చెల్లెలు ఇంతేనా అంది. పదకొండో రూపాయి సంగతీ చెప్పాను. అమ్మ అంతా విని, ఒకే మాట అడిగింది.

"అంటే, నేను తోమబట్టే పోయిందా?"

"పోతే పోనీలే మా," అంది చెల్లెలు. "రాజు మొగం అరిగితే మనకేమి? వాడేమన్నా మనకు మేనమామా?"

అమ్మకు ఆ మాట వినబడలేదు. మూట విప్పించి, ఆ రూపాయిని అడిగి తీసుకుంది. వెలుతురుకు పట్టుకుని, ఏడాది అంకె ఉండాల్సిన చోట అలవాటుగా బొటనవేలితో రుద్దబోయి, ఆగింది. ఆ వేలిని చీర కొంగుకు తుడుచుకుంది.

"ఆయప్ప నీకు ఇయ్యాల్సింది ఎప్పుడో ఈ మూటలోనే పెట్టిండాడే," అంది చెల్లెలితో. "నేనే ఏటేటా రుద్ది పారేస్తిని."

ఆ అరుగుదలలో చాలావరకు ఆమె చేతికి రాకముందే జరిగి ఉంటుందని నేను చెప్పాను. ఆ రూపాయలు సంతల్లో, అంగళ్లలో, జేబుల్లో ఎన్ని చేతులు మారాయో లెక్కలేదనీ, ఏడాదికొకసారి తోమితే పోయేది చాలా తక్కువేననీ వివరించాను. ఆమె వినలేదు. పదకొండింటినీ మూటగట్టి, పటం వెనక పెట్టేసింది. అమ్మాలా వద్దా అని మేము మళ్లీ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు.

నాలుగు వేలు నా ప్రావిడెంట్ ఫండు నుంచి తీశాను. పెరటాసిలోనే చెల్లెలి బూతు తెరుచుకుంది. మూడో శనివారం నేను పుంగనూరులోనే ఉన్నాను. చెల్లెలు గిన్నెలో చింతపండు నానబెట్టి, పళ్లెంలో ఇటుకపొడి పోసి, అమ్మ కూర్చునే చోట పెట్టింది. బూతు ఆలస్యంగా తెరుస్తానని కూడా అంది. అమ్మ స్నానం చేసి వచ్చి, పళ్లెం వైపు చూసింది.

"వద్దులేమ్మా. ఉండనీ," అంది.

పటానికి పూలు పెట్టి, దండం పెట్టుకుని, వంటింట్లోకి వెళ్లిపోయింది. నూనె గిన్నె ముట్టలేదు. ఈ నూనె జిడ్డు నాకెందుకని ఏళ్ల తరబడి గొణిగిన చెల్లెలు, ఆ రోజు చాప మీద కాళ్లు చాచుకుని చాలాసేపు కూర్చుంది. వంటింట్లో తాలింపు చప్పుడు మొదలైన తర్వాత, నూనె గిన్నె తనే దగ్గరికి లాక్కుని, తన కాళ్లకు తనే నూనె రాసుకుంది.

అమ్మ ఆ తర్వాత ఏడేళ్లు బతికింది. ఏ పెరటాసిలోనూ మూట విప్పలేదు. చెల్లెలి కాళ్ల గురించి స్వామిని అడగడం కూడా మానేసిందో, మనసులో అడిగేదో మాకు తెలియదు. పైకి మాత్రం ఎన్నడూ అనలేదు. 2005లో ఆమె పోయేనాటికి అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చి, బూతుకు వచ్చేవాళ్లు తగ్గిపోయారు. మరుసటి ఏడు చెల్లెలు బూతు మూసి, మళ్లీ కుట్టుమిషన్ దగ్గర కూర్చుంది.

అప్పుడే ఒకరోజు మూట దించమంది. గుడ్డలో పసుపు వెలిసిపోయింది. లోపల రూపాయలు బొగ్గులాగా నల్లబడి ఉన్నాయి. కుప్పం పెద్దాయన చూస్తే మెచ్చుకునేంత నలుపు. తను వాటిని తాకకుండా కాసేపు చూసి, వెండి ధర పెరిగిందంటున్నారు గదా, ఇప్పుడెంత వస్తుందో ఒకసారి కనుక్కురమ్మంది.

మదనపల్లెలో ఆ అంగడికే వెళ్లాను. ధర రెండింతలకు పైగా పెరిగింది. అంగడాయన రూపాయలను త్రాసులో పోశాడు. అంకె కాసేపు అటూ ఇటూ ఊగి, నిలబడింది. 123.9. పాత డైరీ చూడాల్సిన అవసరం లేకపోయింది, ఎనిమిదేళ్ల కిందటి అంకే అది. అమ్మ చెయ్యి పడని ఆ ఏళ్లలో రవ్వంత కూడా అరగలేదు.

ఇంటికి వచ్చి చెల్లెలికి వెల చెప్పబోయాను. తను ముందు తూకం అడిగింది. చెప్పాను.

"అప్పుడెంతో అంతేనా, అన్నా?"

అంతే, అన్నాను. తను కాళ్ల మీద దుప్పటి సర్దుకుని, మూటను నా చేతిలోంచి తీసుకుంది.