విఠల్ డిజైన్ల తాళం మాట

నాహీద్ కొత్త హార్డ్‌డిస్క్‌కు చివరి స్క్రూ బిగించి కంప్యూటర్ మూత పెట్టింది. పాతది మొన్నటి ఉరుముల వానకు కాలిపోయింది. సిరిసిల్లలో మగ్గాలు నడిపే విఠల్ ఎనిమిదేళ్లుగా గీసిన చీర అంచుల డిజైన్లన్నీ అందులోనే ఉండేవి. ఇప్పుడు మిగిలినవి దూరంగా సర్వర్‌లో దాచిన నకళ్లే. జగిత్యాల దుకాణం వాళ్లు రేపు పొద్దున నమూనా చీర చూడడానికి వస్తున్నారు. ఇవాళ మధ్యాహ్నంలోగా నెమలి అంచు డిజైన్ మగ్గానికి ఎక్కకపోతే ఆర్డర్ పోతుంది.

నాహీద్‌ది కోరుట్ల. జిరాక్స్ దుకాణంలో చెడిపోయిన మిషన్లు విప్పుతూ పని నేర్చుకుంది. ఒకసారి విఠల్ డిజైన్లు ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఎత్తుకుపోయాక ఈ ఏర్పాటు చేసింది ఆమే. ఫైలు సేవ్ చేయగానే, కంప్యూటర్ దాటకముందే, ఎవరికీ అర్థంకాని అక్షరాలుగా మారి సర్వర్‌కు చేరుతుంది. తిరిగి తెరవాలంటే పాస్‌వర్డ్‌గా పెట్టిన వాక్యం ఒక్కటే దారి. ఆ రోజు దాన్ని విఠల్ భార్య ఊర్మిల కొడుతున్నంతసేపూ నాహీద్ గోడవైపు తిరిగి నిలబడింది. తాళం బిగించేవాళ్లకు చెవి తెలియకూడదు.

ఇప్పుడు ఊర్మిల తాను రాసిపెట్టుకున్న కాగితం చూస్తూ ఆ తెలుగు వాక్యాన్ని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టింది. తప్పు. మళ్లీ కొట్టింది. తప్పు.

"గింత గట్టి తాళమేందక్కా? దొంగ సంగతేమో గానీ, ఇంటోనికే తల్పు తియ్యస్తలేదు!" అన్నాడు విఠల్.

"నువ్వు జర ఊకో," అంది ఊర్మిల. "అక్కా, ఇంకో దారి లేదా?"

"లేదు బిడ్డా. నాకు లేదు, సర్వరోళ్లకూ లేదు."

నాహీద్ తనను తానే తిట్టుకుంది. ఏర్పాటు చేసిన రోజే ఒకసారి మూసి తెరిపించి చూడాల్సింది. చూడలేదు. ఆ తప్పు తనదే.

"కాగితం ముందు రాసినవా, కొట్టినంక రాసినవా?"

"కొట్టినంకనే. తెలుగుల, నీట్‌గ రాసిన."

"నీట్‌గ అంటే?"

"పుస్తకంల ఉన్నట్టు."

నాహీద్ ఊర్మిల వైపు తిరిగింది. "వాట్సాప్‌ల నువ్వు 'వచ్చాడు' అని కొడ్తవా, 'అచ్చిండు' అని కొడ్తవా?"

ఊర్మిల నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "అండ్ల గా మాటున్నట్టు నీకెట్ల తెల్సు?"

"తెల్వదు. మనం నోటితోని ఒకటంటం, కాగితం మీద ఇంకోటి రాస్తం. కాగితం పక్కకు పెట్టి, చెల్లెకు మెసేజ్ కొట్టినట్టు కొట్టు."

నాహీద్ మళ్లీ గోడవైపు తిరిగింది. కీబోర్డు కాసేపు టకటకలాడి ఆగింది.

"అక్కా, నెమలి అంచు!" అని అరిచింది ఊర్మిల.

ఒక్కొక్క డిజైనూ దిగుతోంది. నాహీద్ ఇరవై ఫైళ్లు తెరిచి, గీతలు చెదరలేదని చూసింది. పాత వాక్యంలో ఒక మాట బయటపడింది కనుక కొత్త వాక్యం పెట్టించింది. కొట్టిన అక్షరాలనే ఉన్నదున్నట్టు రాయించింది. రెండుసార్లు మూసి, రెండుసార్లు తెరిపించింది.

తర్వాత నెమలి అంచును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి విఠల్ చేతిలో పెట్టింది. అతను దాన్ని పట్టుకుని మగ్గాల షెడ్డులోకి నడిచాడు.