గురుమూర్తి ప్రపోజల్ నెగ్గిన ఏడాది

సూళగిరి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఇనుము కరిగించి పోతపోసే ఫ్యాక్టరీ ఒకటుంది. గురుమూర్తి దాంట్లో సేఫ్టీ ఆఫీసరు. ఆయన వస్తున్నాడంటే హెల్మెట్లు తలకెక్కుతాయి, కళ్లద్దాలు ముక్కుమీదికి దిగుతాయి. ఆయన వీపు కనబడగానే అన్నీ ఎప్పటి చోటికే పోతాయి. ఈ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే షెడ్డు దాటినాక వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. చూస్తే మళ్లీ అరవాల, అరిస్తే టీ ఆరిపోతుంది.

ఆయనకుండే కోరిక ఒక్కటే. ఏటా కృష్ణగిరిలో ఒక హోటల్లో సేఫ్టీ ఆఫీసర్ల సదస్సు జరుగుతుంది. దాంట్లో మైకు ముందర నిలబడి మాట్లాడాల. ఇన్నేండ్లూ ఆయన పోయేది, వెనక వరసలో కూర్చునేది, వాళ్లిచ్చిన సంచీ పట్టుకుని వచ్చేది. ఆయనతో కూడా డిప్లొమా చదివిన కేశవప్ప మాత్రం హోసూరు నుంచి వచ్చి వేదికెక్కి శాలువా కప్పించుకునేవాడు. ఒకసారి ఎక్కినాక కేశవప్ప మామూలుగా మాట్లాడేది మానేసినాడు. ఇద్దరే టీ తాగుతా ఉన్నా "మిత్రులారా" అనే గొంతే.

వేదికెక్కాలంటే ముందు ప్రపోజల్ రాసి పంపాల. ఏం చెబుతావు, ఎవరికి చెబుతావు, విన్నవాళ్లకు ఏం ఒరుగుతుంది అని కమిటీ అడుగుతుంది. మొదటిసారి గురుమూర్తి "భద్రత" అని పేరు పెట్టి, "భద్రత చాలా ముఖ్యం, అందరికీ ఉపయోగం" అని రాసినాడు. విషయం మరీ పెద్దదిగా ఉందని తిప్పి పంపినారు. భద్రతను చిన్నది ఎట్ల చేసేదో ఆయనకు అర్థం కాలేదు.

మరుసటేడు హెచ్ఆర్‌లో పనిచేసే చక్రి పూనుకున్నాడు. నెల్లూరు నుంచి కొత్తగా వచ్చిన పిల్లోడు. ఏదైనా సరే ఏఐతో రాయించేస్తాడని పేరు.

"మీకెందుకు సార్ శ్రమ, నాకొదిలెయ్యండి," అని ఉన్నపళంగా రెండు పేజీలు దించేసినాడు. పేరు, "సమగ్ర భద్రతా సంస్కృతి దిశగా పరివర్తనాత్మక నాయకత్వం: ఒక బహుముఖ దృక్పథం".

గురుమూర్తి దాన్ని పైకి చదివి, ఊపిరి తీసుకుని, "దీనర్థం ఏమప్పా?" అన్నాడు.

"అర్థమైపోతే ఎవరు సార్ గౌరవిస్తారు?"

తీరా చూస్తే ఆ ఎస్టేట్ నుంచీ, హోసూరు నుంచీ అదే పేరుతో, దాదాపు అవే వాక్యాలతో ఇంకొన్ని ప్రపోజల్సు పోయినాయంట. కమిటీ వాటిలో ఒకదాన్ని ఒప్పుకుంది. అది కేశవప్పది.

ఈ ఏడు ఎండాకాలంలో ఒక సంగతి జరిగింది. ఫర్నేస్ కాడ మురుగన్ అనే పనివాడు కళ్లద్దాలు నుదుటిమీదికి తోసేసి పని చేస్తా ఉండినాడు. గురుమూర్తికి ఒళ్లు మండింది. "పెట్టుకుంటే ఏం పోతుంది నీకు? ఇదో, నేను పెట్టుకుని నిలబడతా, చూడు," అని అట్లాంటివే ఒక జత తగిలించుకుని ఫర్నేస్ ముందర నిలబడినాడు. చెమట ఆవిరై అద్దాలకు మసక కమ్మింది. ఎదురుగా ఉండేది మనిషో స్తంభమో తెలియలేదు. ఆయన చెయ్యి ఆయన్ను అడక్కుండానే పైకి పోయి అద్దాలు ఎత్తేసింది. షెడ్డంతా నవ్వు. మురుగన్ ఒక్కడే నవ్వలేదు.

"పెట్టుకోండి సార్, ఆఫీసరు చూస్తే తిడతాడు," అన్నాడు.

ఆ పొద్దే గాలాడే కళ్లద్దాలు కావాలని గురుమూర్తి పర్చేజ్ వాళ్లకు రాసినాడు. వాళ్లు పట్టించుకోలేదు. నవ్వులపాలైన సంగతి మాత్రం ఆయన ఇంట్లో తప్ప యాడా చెప్పలేదు.

మళ్లీ ప్రపోజల్ల కాలం వచ్చింది. చక్రి రాయించిన కొత్తదాన్ని గురుమూర్తి తన భార్య శశికళకు చదివి వినిపించినాడు. ఆమె అనపకాయలు ఒలుస్తా, "ఇంతసేపు చదివినారు కదా, దీంట్లో మీ ఫ్యాక్టరీ యాడుంది?" అని అడిగింది.

"ఇది సదస్సుకు పోయేది. ఫ్యాక్టరీ ఎందుకుంటుంది?"

"మరి వినేవాళ్లు ఏం తీసుకుని పోతారు, సంచీనా? ఆ కళ్లద్దాల సంగతి రాయండి. ఆ పొద్దు మీరు చెప్తా ఉంటే నేను అన్నం మానేసి విన్నాను."

"అది రాస్తే నా పరువేం కావాల?"

"ఇప్పుడు మాత్రం ఏమైంది? పోయిన ప్రతిసారీ తిరిగొస్తానే ఉంది కదా."

గురుమూర్తి మూతి ముడుచుకుని లేచిపోయినాడు. మరుసటి దినం కూర్చుని రాసినాడు. పేరు, "కళ్లద్దాలు ఎందుకు తీసేస్తారు? పెట్టుకుని చూసిన ఒక సేఫ్టీ ఆఫీసరు అనుభవం". విన్నవాళ్లకు ఒరిగేదేమని అడిగిన చోట, "మీ పనివాళ్లకు ఇచ్చేవాటిని మీరే పెట్టుకుని వేడికాడ నిలబడండి. ఎవరిని తిట్టాలో అప్పుడు తెలుస్తుంది," అని రాసినాడు.

మేనేజర్ శ్రీనివాస్ చదివి అదిరిపడినాడు. "ఏమయ్యా గురుమూర్తీ, మన కాడ అద్దాలు తీసేస్తారని ఊరంతా టముకు వేస్తావా?" అని కంపెనీ పేరు కొట్టేసి "ఒకానొక ఫ్యాక్టరీ" అని పెట్టించినాడు. కమిటీ ఒప్పేసుకుంది.

సదస్సు దినం ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చి తీరిగ్గా మాట్లాడినాడు. గురుమూర్తికి ఇచ్చిన నలభై నిమిషాలు కరిగి పదైనాయి, అవీ భోజనాల తరువాత. సభ నడిపేది కేశవప్ప. గురుమూర్తిని పరిచయం చేస్తానని లేచి తన సంగతులు చెప్పుకుంటా ఆ పదిలో సగం మింగేసినాడు. జనం కునుకు తీస్తా ఉండినారు.

గురుమూర్తి స్లైడ్ల జోలికి పోలేదు. జేబులోనుంచి కళ్లద్దాలు తీసి, "కేశవప్పా, ఇవి పెట్టుకుని హాలు చివర ఉండే ఆ టీ డేగిసా కాడ రవ్వంత సేపు వంగి నిలబడప్పా," అన్నాడు. అందరి ముందర కాదనలేక కేశవప్ప పోయి వంగినాడు. మూత తీసినారు. గుప్పున ఆవిరి. పరువు కోసం ఆయన అద్దాలు ముట్టుకోలేదు. వేదిక అనుకుని కుర్చీలు తడుముకుంటా పోయి, గోడకు ఎదురుగా నిలబడి, "మిత్రులారా, బాగానే కనబడుతోంది," అన్నాడు. కునుకు తీసేవాళ్లంతా లేచి కూర్చున్నారు. మసక పట్టకుండా గాలాడే అద్దాలు కూడా ఉన్నాయని గురుమూర్తి అన్నాడో లేదో, అవి యాడ దొరుకుతాయని అడిగేవాళ్లతో మిగిలిన నిమిషాలు అయిపోయినాయి.

వాటిని మొదట కొన్నది పక్క ఫ్యాక్టరీ. అది చూసి శ్రీనివాస్ పర్చేజ్ వాళ్లను పరుగులు పెట్టించినాడు. "మన కంపెనీ కొత్త ఆలోచన" అని నోటీసు బోర్డులో ఫొటో వెలిసింది. ఫొటోలో శ్రీనివాస్ నవ్వుతా ఉన్నాడు, గురుమూర్తిది మోచెయ్యి కనబడుతుంది. చక్రి అయితే "బూట్లు ఎందుకు విప్పేస్తారు?", "గ్లౌజులు ఎందుకు పారేస్తారు?" అని ఎస్టేట్‌లో అడిగినవాళ్లందరికీ రాయించి ఇస్తా ఉన్నాడు.

కొత్త అద్దాలు పెట్టుకున్న మురుగన్, "మసక లేదు సార్. చెవుల వెనక మాత్రం కోస్తా ఉంది," అన్నాడు.

గురుమూర్తి తిట్టేదానికి నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. "ఇట్లియ్యి," అని వాటిని తీసుకుని చెవులకు తగిలించుకుని ఫర్నేస్ పక్కకు నడిచినాడు.