మా మామ చలి పుస్తకం

చలికాలం వచ్చిందంటే మా ఊరి పేరు పేపర్లో పడుతుంది. నిన్న రాత్రి ఎక్కడ ఎంత చలి పెట్టిందో వేసే ఆ చిన్న గడిలో మదనపల్లె ఉందా లేదా అని చూసుకోవడం నాకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఇప్పుడు చూపు ఆనక అక్షరాలు అలుక్కుపోతున్నాయి కాబట్టి మనవరాలు చదివి వినిపిస్తోంది. మొన్నొక ఉదయం ఆ పిల్ల అంకె చదివి ఊరుకోక, ఇదంతా ఎవరు పోయి చూస్తారవ్వా, చూడకుండానే చూసినట్టు రాసేస్తే మనకెట్లా తెలుస్తుంది అని అడిగింది. దానికేం, ఊరికే నోటికొచ్చింది అడిగింది. నాకు మాత్రం చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టాల్సి వచ్చింది. అట్లాంటి నా సంగతి ఒకటి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. నా ఈడు వాళ్లకు చెప్పుకుంటే పోయేదేముంది, మనం మాత్రం ఇంకెన్ని చలికాలాలు చూస్తాం గనక.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది నేను కుప్పం నుంచి మదనపల్లెకు కోడలిగా వచ్చాను. మిషన్ బడిలో చదువుకుని టీచరు ట్రైనింగు కూడా పూర్తి చేసిన పిల్లనని ఆ ఇంట్లో నాకు కాస్త ఎక్కువ మర్యాదే దక్కింది. మా ఆయనకు కుప్పంలోనే ఉద్యోగం కావడం వల్ల, తమాషా చూడండి, నేను ఇక్కడికి వస్తే ఆయన అక్కడికి పోయి శనివారాల్లో మాత్రమే కనబడేవాడు. మా మామ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పెరట్లో నాలుగు కాళ్ల మీద ఎదురురొమ్ము ఎత్తున తెల్ల రంగు వేసిన చెక్క పెట్టె ఒకటి ఉండేది. గాలి ఆడేటట్టు దాని నాలుగు పక్కలా ఏటవాలు పలకలు బిగించి ఉంటే, పావురాల గూడు కాబోలు, పావురాలు యాడికి పోయినాయో అనుకున్నాను. తీరా చూస్తే అందులో థర్మామీటరు ఉంది. సొంత దేశానికి వెళ్లిపోతూ ఒక దొర ఇచ్చిన దాన్ని పెట్టుకోవడానికి మా మామ, వడ్రంగం చేసే సాయిబు పక్కన కూర్చుని, నెల రోజులు ఆయన్ను విసిగించి ఆ పెట్టె చేయించుకున్నాడట.

ఆ థర్మామీటరు సంగతి కాస్త చెప్పాలి. వంపు తిరిగిన గాజు గొట్టం, లోపల పాదరసం. రాత్రి చలి ముదిరేకొద్దీ పాదరసం ఒక చిన్న ఉక్కు పుల్లను తోసుకుంటూ పోతుంది. పొద్దెక్కాక పాదరసం వెనక్కి వచ్చేస్తుంది గాని పుల్ల మాత్రం ఆడనే నిలబడి, రాత్రి ఎంత చలి పెట్టిందో చూపిస్తుంది. రాసుకున్న తరువాత అయస్కాంతం పట్టి ఆ పుల్లను మళ్లీ పాదరసం దాకా దించాలి. దించకపోతే మర్నాడు కూడా పాత చలినే చూపిస్తుంది. పొద్దున ఏడు గంటలకు ఎంత ఉంది, రాత్రి ఎంతకు దిగింది, పుల్ల దించామా లేదా అని మూడు గడుల్లో రాసుకునే పుస్తకం ఒకటి ఉండేది. ఏడు చలికాలాలు, ఒక్క రోజు తప్పకుండా రాశాడాయన. వాటన్నిటినీ కొత్త కాగితాల మీద చక్కగా ఎత్తి రాసి, ఏడాది మారగానే మద్రాసు వాతావరణ ఆఫీసుకు పంపాలని ఆ శీతాకాలమంతా కష్టపడుతున్నాడు. లెక్క బాగుంటే వాళ్లు మన పెరటిని కూడా తమ లెక్కలో చేర్చుకుంటారని, కొత్త పరికరాలు కూడా ఇస్తారని ఆశ. మా అత్త ఆ పెట్టెను సవతి అని పిలిచేది.

డిసెంబరు నెల మొదట్లో పుంగనూరులో ఉన్న మా మామ అక్క జారిపడి కాలు విరిగిందని కబురొచ్చింది. బయలుదేరుతూ ఆయన అయస్కాంతం తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. "మా వాళ్లను నమ్మి ఇంతవరకూ ఎవురి సేతికీ ఇయ్యలేదమ్మా. నువ్వు సదువుకున్నదానివి. ఏడంటే ఏడుకే సూడాల" అన్నాడు. నాకు గర్వంతో కాళ్లు నేల మీద ఆనలేదు.

రెండు రోజులు బుద్ధిగానే చూశాను. మూడో రోజు కంబళి వదలబుద్ధి కాక లేచేసరికి ఎనిమిది దాటింది. అప్పుడు పోయి చూసినా రాత్రి చలి ఎంతో పుల్ల చెప్పేది. ఏడు గంటల గడిలో, ఎనిమిది గంటలకు చూశానని రాసుకుంటే సరిపోయేది. కానీ ఆలస్యంగా లేచానని ఆయన పుస్తకంలో నా చేత్తో నేనే రాయడానికి నాకు నామోషీ అయింది. పొయ్యి ముందు కూర్చుని యాభై ఆరు అని రాసేశాను. అప్పటివి ఫారన్‌హీటు డిగ్రీలు లెండి, ఇప్పటి పిల్లలు వింటే ఉడికిపోయామనుకుంటారు. పుల్ల దించినట్టు టిక్కు కూడా పెట్టాను. ఒకసారి రాశాక మర్నాడు ఇంకా తేలికైపోయింది. యాభై ఎనిమిది, యాభై అయిదు, మళ్లీ యాభై ఆరు. ఏడు రోజులు నేను పెరట్లోకి అడుగు పెట్టలేదు, కంబళి వదల్లేదు, అంకెలు మాత్రం నమ్మదగ్గట్టు ఎగుడుదిగుడుగా వేశాను. ట్రైనింగు చదివింది అందుకే కాబోలు.

ఆయన తొమ్మిది రోజులకు తిరిగొచ్చాడు. ఆ రాత్రి మబ్బు పట్టి చలి అసలు లేదు. పొద్దున ఏడింటికి ఆయన పోయి చూస్తే పుల్ల నలభై ఎనిమిది దగ్గర నిలబడి ఉంది. నేను ముసుగు తన్ని పడుకున్న ఏదో ఒక రాత్రి అంత చలి పెట్టిందన్నమాట. నేను రాసిన గడుల్లో యాభై అయిదు కంటే తక్కువ అంకే లేదు. ఆయన పెట్టె మూసి, లోపలికొచ్చి నన్ను ఒకే ఒక మాట అడిగాడు.

"నిన్న పుల్ల దించినావా అమ్మా?"

"దించినాను మామా."

ఆయన ఇంకొక్క మాట అడిగుంటే ఏడ్చేసి ఉండేదాన్ని. అడగలేదు. నేను దించానన్నాను కాబట్టి పుల్లే తనంతట తాను చోటు తప్పిందని నిశ్చయించుకున్నాడు. తరువాత రెండు వారాలు పరీక్ష పెట్టాడు. రోజూ అది నిక్కచ్చిగా పని చేసింది. ఇప్పుడైనా అనుమానం నా మీదికి తిరుగుతుందేమోనని బిక్కుబిక్కుమంటూ ఉంటే, ఒకప్పుడు చోటు తప్పి ఒకప్పుడు తప్పని దాన్ని అసలే నమ్మకూడదని తేల్చాడు. ఈ తొమ్మిది రోజుల్లో చోటు తప్పింది ఏడేళ్లలో ఎన్నిసార్లు తప్పిందో అన్నాడు. ఎత్తి రాసిన కాగితాలన్నిటికీ అడ్డంగా ఎర్ర సిరాతో గీత కొట్టి, పరికరంలో దోషం ఉంది కాబట్టి పంపడం లేదని మద్రాసుకు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి వచ్చింది నేనే.

మా అత్తకు తెలుసు. పొయ్యి ముందు నేను రాసుకోవడం ఆమె చూసింది. ఉత్తరం వేయడానికి గడప దిగుతుంటే వెనకనుంచి చిన్నగా అంది, "పోయి సెప్పు పాపా. కొట్టే మనిసి గాదు. నీ మాట నేను సెప్పేది బాగుండదు." నేను మాత్రం, కొడుకుల కంటే కోడలు నయమని ఊరంతటికీ చెప్పుకున్న ఆయన ముఖం ఎట్లా మారుతుందో తలుచుకుని, నేరుగా పోస్టు డబ్బా దారి పట్టాను. ఆయన ఏడేళ్ల కష్టం పోయినా సరే, నా పేరు పోకూడదనుకున్నాను. ఇంతకంటే మెత్తగా చెప్పడానికి నాకు మాట దొరకడం లేదు.

కొత్త సంవత్సరం నాటి ఉదయం మా మిషన్ గుడిలో, అదే చర్చిలో, ఒక్కొక్కరే లేచి దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం మా వాళ్ల ఆనవాయితీ. దాచుకున్న తప్పులు చెప్పుకునేవాళ్లు కూడా ఉంటారు. మా మామ లేచి, తప్పుడు లెక్క దొరతనం వాళ్ల చేతికి పోకముందే దోషం బయటపెట్టినందుకు దేవునికి స్తోత్రమన్నాడు. నా వంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. అత్త నా వైపే చూస్తోంది. అందరికీ ఆరోగ్యం ఇచ్చినందుకు స్తోత్రమని చెప్పి కూర్చున్నాను.

ఇప్పుడు యంత్రాలే చూస్తాయట, యంత్రాలే రాసుకుంటాయట, మధ్యలో మనిషి మాటతో పనే లేదట. మంచిదే. నాలాంటి వాళ్లు ఎన్ని పుస్తకాలు పాడు చేశారో ఎవరు చూడొచ్చారు. అయినా అంత చలిలో ఒక ముసలాయన శాలువా కప్పుకుని, ఎవరూ అడగని అంకె కోసం అంత భక్తిగా పెరట్లోకి నడిచిపోవడం ఇక ఎవరికీ కనబడదు కదా అని దిగులు కూడా వేస్తుంది.

ఆ తరువాత మామ పదకొండేళ్లు బతికాడు. థర్మామీటరును గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టేసి మళ్లీ తీయలేదు. చలికాలం పొద్దున మాత్రం శాలువా కప్పుకుని వసారాలోకి వచ్చి, నా చేతి కాఫీ అందుకుంటూ, "నువ్వు తొమ్మిది దినాలు సూసినావు గదమ్మా, నీ ఒంటికి తెలుస్తాది. ఈ పొద్దు ఎంతుంటాది?" అని అడిగేవాడు. ఏదో ఒకటి చెప్పేదాన్ని. యాభై ఆరంటే యాభై ఆరే. అంతే ఉంటాదని తల ఊపి తృప్తిగా కాఫీ తాగేవాడు. నా మాటను అంతగా నమ్మిన మనిషి ఆ తరువాత నాకు ఎదురుపడలేదు. ఎదురుపడకపోవడమే మంచిదని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను.