కిటికీ అద్దం మీద జీ

నవ్వాలనుకునేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నేను చెప్పలేను. పిల్లల మీద ఒట్లు వేసే అలవాటు నాకు లేదు... కానీ ఇది జరిగింది. నా కళ్ళతో చూశాను.

రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయన్న వై టూ కే హడావుడి రోజులు. కంప్యూటర్ కోర్సు చేసిన ప్రతివాళ్ళకీ ఎక్కడో ఒకచోట ఉద్యోగం. నేను నెల్లూరు నుంచి సింగపూర్ వచ్చి పడ్డాను. అక్కడ యీషున్ అనే పేటలో ఫ్లాట్, పదకొండో అంతస్తు. పక్క గదిలో వసుంధరక్క. రాజమండ్రి ఆవిడ. యూనివర్సిటీలో రీసెర్చి.

ఆవిడ పని వింటే వింతగా ఉంటుంది. ఆరేడు వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో పుస్తకాలు చేత్తో రాసిచ్చేవాళ్ళు ఉండేవారట. పేర్లు తెలియవు. ఏ పుస్తకం ఎవరు రాశారో అక్షరాల వంపులు చూసి పోల్చాలి. తోక ఎటు తిప్పాడు, కలం ఎక్కడ ఎత్తాడు...

అక్క దగ్గర రెండు పుస్తకాల ఫోటోలుండేవి. ఒకదాంట్లో ఇంగ్లీషు చిన్న జీ అక్షరం తోక ఎనిమిది అంకెలా చక్కగా మూసుకునేది. రెండోదాంట్లో మూసుకోదు. వణుకుతూ ఎడమకి ఈడ్చుకుపోతుంది. రాసింది ఇద్దరని పండితులందరూ తేల్చేశారు. అక్క మాత్రం ఒకడే అంది. వయసులో ఉండగా ఒకటి, ముసలితనంలో ఒకటి.

"నడివయసులో రాసిన జీ ఒక్కటి దొరికితే చాలు సుధా," అనేది.

దొరకలేదు. సదస్సులో పేపరు చదవాలి. అది నిలబడకపోతే ఉద్యోగం పొడిగించరు.

ఒక రోజు సాయంత్రం నుంచి ఒకటే వాన. అన్నాలు తిని అక్క గదిలో ఏసీ వేసుకుని కూర్చున్నాం. మంచమంతా ఫోటోలే. లోపలి చల్లదనానికి కిటికీ అద్దం బయటివైపు ఆవిరి పట్టి తెల్లగా అయిపోయింది. వాన ఆగింది.

అప్పుడు... కీచ్...

తడి అద్దం మీద వేలు లాగినట్టు.

బల్లి అనుకున్నా. మళ్ళీ... కీచ్... ఆగి... కీచ్.

తలెత్తి చూశాను. అద్దం మీద గీత పడుతోంది. నెమ్మదిగా. గుండ్రంగా తిరిగి మూసుకుంది. దానికింద తోక దిగింది. ఎనిమిదిలా మూసుకోబోయి... ఆగింది. చాలాసేపు ఆగింది. చెయ్యి నొప్పి పుట్టి ఆగినట్టు. తర్వాత ఎడమకి కొంచెం జరిగి... వదిలేసింది.

"సుధా... నీకూ కనిపిస్తోందా?"

"కనిపిస్తోందక్కా."

"ఏ అక్షరం?"

"జీ."

అక్క లేచి వెళ్ళి వేలితో రుద్దింది. చెరగలేదు. గీత అవతలివైపుంది. అవతల నిలబడ్డానికి ఏమీ లేదు. ఇంకో సంగతి... బయటి నుంచి రాస్తే మాకు తిరగబడి కనిపించాలి కదా. సరిగ్గానే కనిపించింది. మేం చదువుకోవడానికే రాసినట్టు.

నేను కెమెరా వెతికి తెచ్చేలోపు నీళ్ళు జారి కరిగిపోయింది.

అక్క భయపడలేదు. నేల మీద కూలబడి ఏడ్చింది. "నేను వెతికింది ఇదే. దీన్ని తీసుకెళ్ళి ఎవరికి చూపించనే?"

ఆ తర్వాత ఆవిడ మామూలు మనిషి కాలేదు. ఏ పేజీ తీసినా అదే జీ కనపడేదట. "అక్కడుందో, నేనే చూస్తున్నానో తెలియట్లేదు," అనేది. పేపరు వెనక్కి తీసుకుంది.

"అద్దం మాట ఎత్తకక్కా. అంతకుముందు నీకు తెలిసిందే చెప్పు," అని బతిమాలాను.

"నా కన్ను మీద నాకే నమ్మకం పోయాక ఏం చెప్పను?"

ఉద్యోగం పొడిగించలేదు. రాజమండ్రి వెళ్ళి స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరింది. అంత కన్నున్న మనిషి... అటు పుస్తకాల వైపు మళ్ళీ చూడలేదు.

చాలా ఏళ్ళకి ఇంటర్నెట్‌లో చదివాను. ఇంగ్లండులో ఏదో పాత పుస్తకం అట్ట లోపల అతికించిన ముక్క బయటపడిందట. దాని మీది జీని బట్టి అక్క చూసిన ఆ రెండు పుస్తకాలూ రాసింది ఒకడే అని ఎవరో తేల్చారు. పక్కనే జీ ఫోటో. వెంటనే అక్కకి ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"ఫోటో పంపనా అక్కా?"



"వద్దులే. నువ్వు చూశావుగా... అదేనా?"

ఫోటో ఎదురుగానే ఉంది. కళ్ళు మూసుకుని ఆ రాత్రి అద్దాన్ని గుర్తు చేసుకోబోయాను. అద్దం రాలేదు. ఈ ఫోటోనే వచ్చింది. ఆ రాత్రి నేను చూసింది జీయేనా... జారిన నీటి చారా... అక్క అన్నాళ్ళుగా చెప్పి చెప్పి నాక్కూడా అలా కనిపించిందా...

"తెలియట్లేదక్కా," అన్నాను.

"సరే," అని ఫోన్ పెట్టేసింది.

ఇవాళ్టికీ తెలియదు.