పాట నడుమ పిల్లనగ్రోవి

రేడియోలో పాత సినిమా పాట మొదలైతే లేచి వెళ్లి ఆపేస్తాను. ఇంట్లోవాళ్లు నాకు పాటలు గిట్టవనుకుంటారు. అది కాదు. ఇన్నేళ్లుగా ఒక మనిషి చావును మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

నాది కోరుట్ల. అన్నలు, అంటే నక్సలైట్లు, తిరిగే కాలంలో సిరిసిల్లలో మా బావ సాంచాల షెడ్డు, మరమగ్గాలది, చూసుకునేవాణ్ణి. పెద్ద చదువు లేదు. ఉన్నదంతా గ్రంథాలయంలో సంపాదించుకున్నదే. ముఖ్యంగా సినిమా సంగీతం. ఏ బాణీ ఏ దేశం నుంచి వచ్చిందో, ఎవరు ఎవరిది తీసుకున్నారో, అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాణ్ణి. మా షెడ్డులో సాంచా నడిపే రాజేశం నవ్వుతూ వినేవాడు. ఆ మోతలో అందరూ పాటలు పాడుకుంటుంటే, అతను మాత్రం పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే వాద్యాలను నోటితో పలికించేవాడు.

ఆ ఏడు కోనరావుపేట వైపు అన్నల పాట ఒకటి ఊరూరా పాకింది. ఎవరు కట్టారో తెలియదు. ఒక సాయంత్రం చాయ్ హోటల్లో కొత్త మనిషి ఒకడు దాన్నే కూనిరాగం తీస్తూ నా ఎదుట కూర్చున్నాడు.

"పాట మస్తుగుంది తమ్మీ. బాణీ సుత కొత్తదే," అన్నాడు.

"కొత్తదేంది సార్? పాత సినిమా పాటల నడుమ పిల్లనగ్రోవి అస్తది సూడుండ్రి, గదే ఇది. గా సినిమావోళ్లు సుత అరబ్బు దేశం నుంచి ఎత్తుకచ్చిండ్రు."

"ఓహో, పెద్ద పండితునివే! మరి గట్ల నడుమ మోతలు పట్టేటోడు ఈడ ఎవడున్నడు?"

"ఇంకెవడు? మా షెడ్డుల రాజేశం."

ఆ వారమే రాజేశాన్ని జీపులో తీసుకెళ్లారు. మల్లాపూర్ దగ్గర ఎదురుకాల్పుల్లో చనిపోయాడని పత్రికలో వచ్చింది. గ్రంథాలయంలో, నేనెప్పుడూ కూర్చునే కుర్చీలోనే చదివాను.

వచ్చినవాడు పోలీసని నాకు తెలియదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. కాళ్లకున్న పోలీసు ఎర్ర బూట్లు చూశాను. లేకపోతే ముక్కూమొహం తెలియనివాణ్ణి సార్ అని ఎందుకంటాను? తెలిసీ ఆగలేకపోయాను. అంత శ్రద్ధగా అంతకుముందు నా మాట ఎవరూ వినలేదు.

అసలు ఆ పాట కట్టింది రాజేశమేనా? తెలియదు. ఒకరిది ఒకరు వినకుండానే ఇద్దరికి ఒకే బాణీ తట్టవచ్చని నేను అప్పటికే చదివి ఉన్నాను. ఆ మాట ఆ రోజు ఎందుకు చెప్పలేదు? చెబితే నా పాండిత్యం పలచబడేది.

తన సొంత తమ్ముడే పోలీసులకు పేరు చెప్పాడని రాజేశం భార్య నమ్మింది. తన దగ్గరే ఉండే తల్లి చనిపోయినప్పుడు కూడా అతణ్ణి గడప తొక్కనివ్వలేదు. అతను వాకిట్లో నిలబడి నన్నడిగాడు: "నువ్వన్న చెప్పన్నా, నేను గసొంటోన్నా?"

తల వంచుకున్నాను. తర్వాత అతను ఊరు విడిచిపోయాడు.

అతను కాదు. చెప్పింది నేను. రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకు మించి అడిగే అర్హత నాకు లేదు.